అడుగులు కంటికి కనిపిస్తాయి, క్యూసెక్కులు లెక్కలో తేలతాయి: గోదావరి వరద అంకెల వెనుక కథ

వానాకాలం వచ్చిందంటే మా మేనమామ దగ్గర్నుంచి ఫోన్ తప్పదు. ఆయనది కూనవరం పక్క ఊరు. శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటికి దగ్గర. అడిగేది ఎప్పుడూ ఒకటే: "భద్రాచలంలో ఎంతుందిరా?" నేను టీవీలో స్క్రోలింగ్ చూసి, "నలభై ఆరు మామయ్యా, పది లక్షల క్యూసెక్కులు దాటిందంట" అంటాను. "లక్షల సంగతి నాకెందుకురా, అడుగులు చెప్పు చాలు" అంటారు.

ఆ మాటలో చాలా విషయం ఉంది. వరద రోజుల్లో మన మీదికి అంకెలు కూడా వరదలాగే వచ్చి పడతాయి. భద్రాచలంలో 53 అడుగులు, ధవళేశ్వరంలో 13.75 అడుగులు, ప్రకాశం బ్యారేజీలో 11 లక్షల క్యూసెక్కులు, శ్రీశైలంలో ఇన్ని టీఎంసీలు. అన్నీ నీటి గురించే అయినా, ఏ రెండూ ఒకే రకం కొలతలు కావు. కొన్ని కంటితో చూసి రాసుకున్నవి, కొన్ని లెక్కగట్టినవి. ఈ తేడా తెలియక కొన్నిసార్లు మనం అనవసరంగా టెన్షన్ పడతాం, కొన్నిసార్లు పడాల్సినప్పుడు పడం. పోలవరం బ్యాక్‌వాటర్ (డ్యామ్ వల్ల ఎగువకు ఎగదన్నే నీరు) మీద రెండు రాష్ట్రాల వాదనలోనూ చాలా భాగం ఈ తేడా చుట్టూనే తిరుగుతోంది.

43 అడుగులంటే 43 అడుగుల లోతు కాదు

నది ఒడ్డున నీటిమట్టం చూసే చోట అడుగులు, అంగుళాలు లేదా మీటర్లు, సెంటీమీటర్లు గీసిన స్కేలు ఉంటుంది. ఒక్క పొడవాటి స్కేలు పాతితే వరదకు నిలవదు. అందుకని ఒడ్డు మీది నుంచి నీళ్లలోకి, మెట్లు దిగినట్టు, వరసగా చిన్న చిన్న స్తంభాలు పాతుతారు. ఒకదాని తల ఎక్కడ ఆగుతుందో రెండోదాని పాదం అక్కడ మొదలవుతుంది. నీళ్లు పెరుగుతుంటే చదివే మనిషి ఒక్కో స్తంభం వదిలేసి పైకి వస్తుంటాడు. వినడానికి తేలికే కానీ, ఎర్రటి వరద నీరు అలలు కొడుతుంటే ఆ గీత దగ్గర నిమిషం పాటు నిలబడి చూడాలి. అల వచ్చినప్పుడు ఎక్కడిదాకా పోతోంది, తగ్గినప్పుడు ఎక్కడిదాకా దిగుతోంది చూసుకుని రెంటికీ మధ్య అంకె రాయాలి. మామూలు రోజుల్లో పొద్దున 8 గంటలకు చూసేది, వరద రోజుల్లో గంట గంటకూ చూడాలి, అర్ధరాత్రి అయినా, వాన కొడుతున్నా సరే. ఇప్పుడు చాలా చోట్ల వంతెనకు బిగించిన రాడార్ సెన్సర్ నీటిపైకి తరంగం పంపి, అది తిరిగి రావడానికి పట్టిన సమయంతో మట్టం లెక్కగట్టి ఉపగ్రహం ద్వారా ఆఫీసుకు చేరవేస్తుంది. అయినా స్కేలు చదివే మనిషి అవసరం పోలేదు, ఎందుకంటే సెన్సర్ చెప్పింది సరైనదో కాదో తేల్చేది ఆ స్కేలే.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. స్కేలుకు సున్నా ఎక్కడ పెట్టాలి? ప్రతి కేంద్రానికీ ఆ సున్నా వేరుగా ఉంటుంది. భద్రాచలంలో మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగుల దగ్గర, రెండోది 48 దగ్గర, మూడోది 53 దగ్గర ఇస్తారు. అదే ఘాట్ గురించి కేంద్ర జల సంఘం బులెటిన్ చూస్తే హెచ్చరిక మట్టం 45.72 మీటర్లు, ప్రమాద మట్టం 48.77 మీటర్లు అని ఉంటుంది. చూసేవాళ్లకు అయోమయంగా ఉంటుంది. లెక్క వేద్దాం. 45.72 మీటర్లంటే 150 అడుగులు. 48.77 మీటర్లంటే 160 అడుగులు. ఇవి సముద్ర మట్టం నుంచి కొలిచిన ఎత్తులు. 150లోంచి 43 తీసేస్తే 107. 160లోంచి 53 తీసేసినా 107. అంటే భద్రాచలం స్కేలు మీది సున్నా సముద్ర మట్టానికి దాదాపు 107 అడుగుల ఎత్తున ఉందన్నమాట. 1986 ఆగస్టులో వచ్చిన రికార్డు వరద 75.6 అడుగులు. దానికి 107 కలిపితే 182.6 అడుగులు, అదే 55.66 మీటర్లు. బులెటిన్‌లో అత్యధిక వరద మట్టంగా ఉండే అంకె కూడా ఇదే. నీళ్లవే, కొలతలు రెండు.

ఈ 107ను గుర్తుపెట్టుకోండి, పోలవరం దగ్గర మళ్లీ అవసరపడుతుంది.

సున్నాలు వేరు కాబట్టి ఒక ఊరి అడుగులను ఇంకో ఊరి అడుగులతో పోల్చకూడదు. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక 11.75 అడుగులకే ఇస్తారు. "అక్కడ పదకొండే కదా, ఇక్కడ నలభై మూడు" అనుకుంటే పొరపాటు. ఆ 11.75 దగ్గర బ్యారేజీ దాటి సముద్రంలోకి పోయే నీరు సుమారు 10 లక్షల క్యూసెక్కులు. భద్రాచలంలో 43 అడుగుల దగ్గర పోయేది సుమారు 9.3 లక్షలు. రెండూ దాదాపు ఒకే స్థాయి వరదలు.

ఇంకో సంగతి. భద్రాచలం చుట్టూ కరకట్ట ఉంది. 1986 దెబ్బ తర్వాత 80 అడుగుల వరదకైనా తట్టుకునేలా కట్టారు. మరి 50 అడుగులకే ఊళ్లోకి నీళ్లు ఎందుకొస్తున్నాయని చాలామంది అడుగుతారు. ఊళ్లో పడ్డ వాన నీరు స్లూయిజ్‌ల (కట్టలో పెట్టిన నీటి తలుపుల) గుండా నదిలోకి పోవాలి. నది ఊరి కాలువల కన్నా ఎత్తుకు లేస్తే ఆ తలుపులు మూసేయాలి, లేకపోతే నదే లోపలికి వస్తుంది. మూస్తే వాన నీరు లోపలే నిలుస్తుంది, మోటార్లు పెట్టి తోడాల్సిందే. కట్ట బయటి వరదను ఆపుతుంది, లోపలి వానను బయటికి పంపలేదు.

క్యూసెక్కును ఎవరూ నేరుగా చూడలేదు

క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, అంటే 28.3 లీటర్లు. ఇంటికి తెప్పించుకునే ఇరవై లీటర్ల వాటర్ క్యాన్లు సెకనుకు దాదాపు ఒకటిన్నర చొప్పున నిండిపోవడం ఊహించుకోండి. మీటర్లలో చెప్పే క్యూమెక్కు ఒకటైతే 35.3 క్యూసెక్కులు.

దీన్ని కొలవడానికి నదిని అడ్డంగా కోసినట్టు ఊహించుకుని చిన్న చిన్న పట్టీలుగా విడగొడతారు. ఒక్కో పట్టీలో వెడల్పు, లోతు, నీటి వేగం కొలిచి మూడూ గుణిస్తారు. ఉదాహరణకు ఒక పట్టీ వెడల్పు 20 మీటర్లు, లోతు 6 మీటర్లు, వేగం సెకనుకు 1.5 మీటర్లు అనుకుందాం. 20 × 6 × 1.5 = 180 క్యూమెక్కులు, అంటే సుమారు 6,350 క్యూసెక్కులు. ఇలా ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా అన్ని పట్టీలూ కలిపితే నది మొత్తం ప్రవాహం వస్తుంది.

వేగం కొలిచే పాత పరికరం చిన్న గిన్నెల చక్రంలా ఉంటుంది. చేప ఆకారంలో బరువైన సీసపు దిమ్మ కట్టి, వంతెన మీది నుంచో పడవలోంచో తాడుతో నీళ్లలోకి దించుతారు. ప్రవాహానికి చక్రం తిరుగుతుంది. తిరిగినప్పుడల్లా చెవికి పెట్టుకున్న హెడ్‌ఫోన్‌లో టిక్కుమంటుంది. ఒక చేతిలో స్టాప్‌వాచ్ పట్టుకుని ఆ టిక్కులు లెక్కపెట్టాలి. అడుగున నీళ్లు నేలకు రాసుకుని నెమ్మదిస్తాయి, పైన వేగంగా ఉంటాయి. కాబట్టి పై నుంచి పదింట ఆరు వంతుల లోతులో కొలిస్తే సగటుకు దగ్గరగా వస్తుంది. లోతు ఎక్కువైతే రెండు చోట్ల కొలిచి సగటు తీస్తారు. ఇప్పుడు శబ్ద తరంగాలతో కొలిచే డాప్లర్ పరికరాలున్నాయి. పడవకు కట్టి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు వెళ్తే లోతు, వేగం రెండూ ఒకేసారి నమోదవుతాయి.

మరి గంట గంటకూ టీవీలో చెప్పే క్యూసెక్కులు ఇలాగే కొలుస్తారా? కొలవరు, అది సాధ్యం కాదు. ముందే, ఏళ్ల తరబడి, రకరకాల మట్టాల దగ్గర ఇలా ప్రవాహం కొలిచి ఒక పట్టిక తయారు చేసుకుంటారు. ఇన్ని అడుగులున్నప్పుడు ఇంత ప్రవాహం ఉంటుందని. ఆ తర్వాత అడుగులు చూసి పట్టికలోంచి క్యూసెక్కులు తీసి చెబుతారు. భద్రాచలంలో 43 అడుగులకు చేరినప్పుడల్లా ప్రవాహం సుమారు 9.3 లక్షలనీ, 48కి చేరినప్పుడల్లా సుమారు 11.4 లక్షలనీ వార్తల్లో వస్తుంటుంది. ఏడాది మారినా అంకె మారదు. అది నదిలో అప్పటికప్పుడు కొలిచిందైతే ప్రతిసారీ అదే అంకె రావడం కుదరదు.

ఇందులో మోసమేమీ లేదు. ప్రపంచమంతటా నదుల ప్రవాహం ఇలాగే లెక్కగడతారు. కానీ ఈ పద్ధతికి కొన్ని బలహీనతలున్నాయి.

మొదటిది, పట్టిక ఏ నది కోసం రాశారో ఆ నది అలాగే ఉండాలి. ఇసుక మేట వేసినా, కోత పెట్టినా, ఇసుక తవ్వేసినా అడుగు భాగం మారిపోతుంది. అప్పుడు అదే మట్టానికి వేరే ప్రవాహం ఉంటుంది. ముఖ్యంగా నీళ్లు తక్కువున్న వేసవిలో ఈ తేడా బాగా కొడుతుంది. రెండోది, వరద ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఒకే అడుగుకు ఒకే ప్రవాహం ఉండదు. వరద ఎక్కుతున్నప్పుడు ఎగువన నీరు పోగుపడి ఉపరితలం దిగువకు బాగా వాలుగా ఉంటుంది, నీరు ఉరుకుతుంది. దిగేటప్పుడు ఆ వాలు తగ్గుతుంది. అందుకే ఎక్కేటప్పటి 50 అడుగుల్లో పోయే నీరు, దిగేటప్పటి 50 అడుగుల్లో పోయే నీటికన్నా ఎక్కువ. మూడోది నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది. 2022 జులైలో భద్రాచలంలో 71.3 అడుగులు వచ్చింది. 1986 తర్వాత అదే అతి పెద్ద వరద, వంతెన మీద రాకపోకలు ఆపేశారు. చెట్లు కొట్టుకొచ్చే అలాంటి నదిలో గిన్నెల చక్రం దించడం ప్రాణాలతో చెలగాటం. అందుకే అంత ఎత్తున పట్టికలో ఉండే అంకెలు చాలావరకు కింద కొలిచిన గీతను పైకి పొడిగించి వేసుకున్న అంచనాలే.

కేంద్ర జల సంఘం తన వరద అంచనాలను పరీక్షించుకునే ప్రమాణంలోనే ఈ తేడా కనిపిస్తుంది. మట్టం అంచనా 15 సెంటీమీటర్ల లోపు తేడాతో ఉంటే సరైనదిగా లెక్క. జలాశయంలోకి వచ్చే ప్రవాహం అంచనాకైతే 20 శాతం దాకా తేడాను ఒప్పుకుంటారు. 10 లక్షల క్యూసెక్కులంటే అటు 8, ఇటు 12. మా మామయ్య అడుగులే చెప్పమనడం ఊరికే కాదు.

ఒక్కో అడుగు ఎంత బరువు?

భద్రాచలంలో 43 నుంచి 48కి, అంటే 5 అడుగులు పెరగడానికి సుమారు 2.1 లక్షల క్యూసెక్కులు అదనంగా కావాలి. 48 నుంచి 53కి మరో 5 అడుగులు పెరిగేసరికి ప్రవాహం 14 లక్షలు దాటుతుంది, అంటే రెండున్నర లక్షలకు పైగా. నది పైకి పోయేకొద్దీ వెడల్పవుతుంది కాబట్టి ప్రతి పై అడుగుకూ ఎక్కువ నీరు కావాలి. "రెండో హెచ్చరిక నుంచి మూడోదానికి ఇంకో అయిదే కదా" అనిపిస్తుంది, కానీ ఆ అయిదు అడుగుల వెనకాల వచ్చే నీరు మొదటి అయిదుకన్నా ఎక్కువ.

ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక 11.75 నుంచి మూడో హెచ్చరిక 17.75 దాకా 6 అడుగులే. ఈలోగా ప్రవాహం 10 లక్షల నుంచి 17 లక్షలకు పోతుంది. భద్రాచలంలో 10 అడుగులకు పెరిగేది దాదాపు 5 లక్షలైతే, ఇక్కడ 6 అడుగులకే 7 లక్షలు. అక్కడ గోదావరి పాయలుగా చీలి, నాలుగు భాగాల బ్యారేజీ మీదుగా పరుచుకుని పోతుంది. అంత వెడల్పులో ఒక్క అడుగు పెరగడమంటే చాలా నీరు. కాబట్టి లంక గ్రామాల వాళ్లకు అర అడుగు పెరిగిందన్నా చిన్న సంగతి కాదు.

టీఎంసీ మాత్రం ఇంకో రకం. క్యూసెక్కు పోతున్న నీటి జోరైతే, టీఎంసీ పోగైన నీరు, వంద కోట్ల ఘనపుటడుగులు. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పోతే ఒక టీఎంసీ. 2022 వరదలో భద్రాచలం దగ్గర చెప్పిన 24 లక్షల క్యూసెక్కులు ఒక్క రోజు అలాగే నిలిస్తే 207 టీఎంసీలు. శ్రీశైలం జలాశయం నిండితే పట్టేది దాదాపు 215.

రేపటి అడుగు ఇవాళే ఎలా తెలుస్తుంది?

వరద దారిలో నడిచి వస్తుంది. ప్రాణహిత మీద టేక్రాలో, ఇంద్రావతి మీద పాతగూడెంలో, గోదావరి మీద పేరూరులో కేంద్రాలున్నాయి. ప్రాణహిత, ఇంద్రావతి కలిశాక పేరూరులో మట్టం ఎంత చేరితే, ఎన్ని గంటలకు భద్రాచలంలో ఎంత ఉంటుందో పాత వరదల రికార్డుల్లోంచి తేల్చుకుంటారు. భద్రాచలం శిఖరం ధవళేశ్వరం చేరడానికి ఒక రోజు అటూ ఇటూ. 2022లో భద్రాచలంలో జులై 16 తెల్లవారుజామున గరిష్ఠానికి చేరిన వరద, ధవళేశ్వరంలో ఆ రాత్రికి 25 లక్షలు దాటింది. మధ్యలో శబరి కూడా వచ్చి కలిసిందిగా. దీనికి తోడు ఇప్పుడు వాన అంచనాలు చేర్చి కంప్యూటర్ నమూనాలతో ఇంకా ముందే చెప్పే ప్రయత్నం జరుగుతోంది.

పోలవరం గొడవలో ఈ లెక్క

భద్రాచలానికి దిగువన గోదావరి మీద కడుతున్న పోలవరం ప్రాజెక్టు పూర్తి నిల్వ మట్టం 45.72 మీటర్లు. అంటే సముద్ర మట్టానికి 150 అడుగులు. 107 తీసేయండి: భద్రాచలం స్కేలు మీద 43. సరిగ్గా మొదటి ప్రమాద హెచ్చరిక. తొలి దశలో నిలపాలనుకుంటున్న 41.15 మీటర్లయితే 135 అడుగులు, భద్రాచలం స్కేలు మీద 28.

తెలంగాణ ఆందోళన అంతా ఇక్కడే ఉంది. పూర్తి మట్టంలో నీరు నిలిపితే భద్రాచలం దగ్గర నది ఏడాదిలో ఎక్కువ కాలం హెచ్చరిక స్థాయిలోనే ఉంటుందనీ, కిన్నెరసాని, ముర్రేడు లాంటి వాగుల నీరు నదిలోకి దిగలేక ఎగదన్ని ఊళ్లను ముంచుతుందనీ, ఉమ్మడి సర్వే చేయాలనీ అడుగుతోంది. 2022 వరదకు కూడా పోలవరం కారణమన్నది అక్కడి నాయకుల ఆరోపణ. ఆంధ్రప్రదేశ్ జవాబు: అప్పటికి ప్రాజెక్టు పూర్తి కాలేదు, స్పిల్‌వే గేట్లు ఎత్తే ఉన్నాయి, వచ్చింది ఎగువన కురిసిన వానలకు వచ్చిన సహజ వరద. స్పిల్‌వేకు 48 గేట్లున్నాయి, 50 లక్షల క్యూసెక్కులు వదలగలదు, వరదప్పుడు నీటిని పట్టి ఉంచే ప్రశ్నే లేదు.

నిండి ఉన్న జలాశయంలో ప్రవాహం తక్కువున్నప్పుడు నీటి ఉపరితలం దాదాపు సమంగా ఉంటుంది. కాబట్టి అక్కడ 150 నిలిపితే ఇక్కడా 150 దగ్గర్లో ఉంటుందన్న తెలంగాణ లెక్క ఆ రోజుల మటుకు నిలుస్తుంది. వాగుల గురించి భయమూ న్యాయమైనదే. పెద్ద వరద రోజుల్లో సంగతి వేరు. అప్పుడు నది వాలుగా పారుతుంది, భద్రాచలంలో మట్టాన్ని ఎక్కువగా నిర్ణయించేది వస్తున్న నీరే. ఆంధ్రప్రదేశ్ వాదనకు బలం అక్కడుంది.

2022 వరదను మాత్రం రెండు వైపులా ఒకే అంకెలతో తేల్చాలని చూస్తున్నారు. 1986లో సుమారు 27 లక్షల క్యూసెక్కులకు 75.6 అడుగులు, 2022లో సుమారు 24 లక్షలకు 71.3. "తక్కువ నీటికి తక్కువ మట్టమే కదా, తేడా ఏముంది" అని ఒక వైపు. "తేడా ఉంది" అని ఇంకో వైపు. కానీ ఆ 24 లక్షలు ఎక్కడి నుంచి వచ్చాయి? అడుగుల నుంచే, పట్టికలోంచే. అడుగుల నుంచి తీసిన క్యూసెక్కులను తీసుకుని, ఆ క్యూసెక్కులకు ఇన్ని అడుగులు రావడం సహజమేనా అని అడిగితే పట్టిక ఎప్పుడూ సహజమేనంటుంది. దిగువన అడ్డు తగిలి నీరు ఎగదన్నినా పట్టిక దాన్ని ఎక్కువ వరదగానే చూపిస్తుంది.

ఈ చక్రంలోంచి బయటపడాలంటే అడుగులతో సంబంధం లేకుండా ప్రవాహాన్ని కొలవాలి. ఎగువన, పోలవరం ప్రభావం చేరని చోట, డాప్లర్ పరికరంతో కొలిచిన అంకెలు కావాలి. భద్రాచలానికీ కూనవరానికీ మధ్య నీటి వాలు గంట గంటకూ చూడాలి. ఎగదన్నితే ఆ వాలు పడిపోతుంది. దాంట్లోనూ ఒక చిక్కుంది. శబరి పోటు మీదున్నప్పుడు కూనవరం దగ్గర అదీ గోదావరిని ఆపుతుంది, గోదావరి పోటు మీదుంటే శబరినీ ఆపుతుంది. వాలు తగ్గినంత మాత్రాన పోలవరమే కారణమనలేం. శబరి మీద కుంట దగ్గరి అంకెలు కూడా పక్కన పెట్టుకుని చూస్తే తప్ప తేలదు.

కృష్ణా మీద గొడవ ఇంకో రకం. అక్కడ ప్రశ్న ఏ ఊరు మునిగిందని కాదు, ఎవరు ఎంత వాడుకున్నారని. ఉమ్మడి రాష్ట్రానికి కేటాయించిన 811 టీఎంసీల్లో తాత్కాలికంగా ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 అని నడుస్తున్నప్పుడు, పోతిరెడ్డిపాడు లాంటి చోట్ల పోయే నీటిని ఎవరి అంకె ప్రకారం లెక్కించాలన్నది తగాదా. టెలిమెట్రీ (సెన్సర్లు కొలిచి దూరానికి అంకెలు పంపే ఏర్పాటు) పెడితే మనుషుల రాతల మీద ఆధారపడనక్కర్లేదన్నది నిజమే. అయినా సెన్సర్ చూసేది మట్టాన్నో వేగాన్నో మాత్రమే, దాన్ని నీటి పరిమాణంగా మార్చే పట్టిక మీద ఇద్దరూ ఒప్పుకోవాల్సిందే.

స్కేలు లేని చోట

2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో అందరి కళ్లూ ప్రకాశం బ్యారేజీ మీదే ఉన్నాయి. 11.43 లక్షల క్యూసెక్కులతో 2009 అక్టోబరు నాటి రికార్డు దాటింది. కానీ సింగ్ నగర్‌ను ముంచింది కృష్ణ కాదు, గండ్లు పడ్డ బుడమేరు. అదే రోజుల్లో ఖమ్మంలో మున్నేరు 16 అడుగుల మొదటి హెచ్చరికను, 24 అడుగుల రెండో హెచ్చరికను దాటి 36 అడుగుల దాకా లేచింది. గోదావరి ఒక రోజు ముందు కబురు పంపి వస్తుంది. వాగులు కొన్ని గంటలే ఇస్తాయి. అక్కడ గంట గంటకూ చదివే స్కేలు లేకపోతే ఆ గంటలు కూడా మిగలవు.

కిందటేడు మామయ్య వాళ్లింటికి వెళ్లినప్పుడు వరండా గోడ చూశాను. తలుపు పక్కన మేకుతో గీసిన రెండు గీతలున్నాయి. పైది 86, దానికి కాస్త కింద 22. సున్నం వేసినప్పుడల్లా ఆ రెంటి మీదా వేయకుండా వదిలేస్తారట. కూనవరంలో ఏ స్కేలు ఎంత చూపిస్తే నీళ్లు తన గడపకు వస్తాయో ఆయనకు తెలుసు. భద్రాచలంలో ఎంతుంటే ఎన్ని గంటలకు వస్తాయో కూడా తెలుసు. నేను ఫోన్‌లో అడుగులు చెప్పగానే, ఆయన అటువైపు మనసులో లెక్క వేసుకుని, "సరే, పొద్దుటికల్లా గొడ్లను మెరక మీదికి తోలుతాం" అని పెట్టేస్తారు.